అడిగే ముందే లెక్క రాసిపెట్టుకోండి: చిన్న సంఘానికి ఏడాది సమాచార ప్రణాళిక

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. రిజిస్టరైన సొసైటీ, కార్యవర్గంలో తొమ్మిది మంది. మూడు ఊళ్లలో ప్రభుత్వ బడి పిల్లలకు సాయంత్రం చదువు కేంద్రాలు, మొత్తం 75 మంది పిల్లలు. ఏడాది ఖర్చు 1,80,000 రూపాయలు. నిరుడు 120 మంది డబ్బిచ్చారు, వాళ్లలో ఈ ఏడు మళ్లీ ఇచ్చింది 31 మందే. ఫేస్‌బుక్‌లో వారానికి మూడు పోస్టులు పెడుతున్నారు. లైకులు వస్తున్నాయి, చందాలు రావడం లేదు. కమ్యూనికేషన్ ప్లాన్ ఎలా రాయాలి, ఏదైనా ఏజెన్సీకి అప్పగించాలా అని అడిగారు.

ఏజెన్సీ వద్దు. మీ సమస్య ప్రచారం చాలకపోవడం కాదు. డబ్బిచ్చిన మనిషికి ఆ డబ్బు ఏమైందో చెప్పకపోవడం. మళ్లీ ఇవ్వని 89 మందిలో చాలామందికి మీ మీద కోపమేమీ ఉండదు, ఇచ్చిన సంగతే మర్చిపోయి ఉంటారు. వాళ్లకు గుర్తుచేసే పని ఫేస్‌బుక్ చేయదు, ఎందుకంటే మీ పోస్టు ఎవరికి కనిపించాలో నిర్ణయించేది మీరు కాదు.

కాబట్టి ప్లాన్ రాయడానికి ముందు ఒక పని చేయండి. ఆ 89 పేర్లను తొమ్మిది మంది పంచుకుంటే తలా పది వస్తాయి. రెండు ఆదివారాల్లో ఫోన్లు అయిపోతాయి. డబ్బు అడగొద్దు. మూడే ప్రశ్నలు: రసీదు అందిందా, ఆ డబ్బుతో ఏం జరిగిందో మీకు తెలిసిందా, ఇకముందు మూడు నెలలకోసారి కబురు పంపితే మీకు ఇబ్బందా. జవాబులు అక్కడికక్కడే కాగితం మీద రాయాలి. ఈ ఫోన్లలో ఇంకో విషయం కూడా బయటపడుతుంది: వాళ్లలో కొందరు మీ సంఘానికి ఇవ్వలేదు, మీ కార్యదర్శి ముఖం చూసి ఇచ్చారు. అడిగిన మనిషి మళ్లీ అడిగితేనే వాళ్లు మళ్లీ ఇస్తారు. ఆ పేర్ల పక్కన "ఎవరి ద్వారా" అని రాసుకుని వేరుగా ఉంచండి. సంఘం పేరుతో పంపే సందేశాలకు వాళ్లు కదలకపోతే నిరాశపడొద్దు.

ఇప్పుడు లెక్క. దాతను అడగడానికి ఒక కొలత కావాలి. "మీకు తోచినంత" అంటే తోచినంతే ఇస్తారు, అది సాధారణంగా 500. మీరిచ్చిన ఖర్చుల జాబితాను పది నెలలకు, మూడు కేంద్రాలకు పంచి చూశాను. ఒక కేంద్రం ఒక నెల నడవడానికి టీచర్ గౌరవ వేతనం 4,000, పుస్తకాలు పలకలు 1,000, గది కరెంటు 500, గ్రంథాలయం పుస్తకాలకు 500. మొత్తం 6,000. ఏడాదికి అలాంటివి 30. ఇదే మీ కొలత: "ఒక కేంద్రం, ఒక నెల, ఆరు వేలు." అంత ఇవ్వలేని వాళ్లకు సగం నెల, వారం అని చెప్పొచ్చు. నలుగురు మిత్రులు కలిసి ఒక నెల తీసుకోవచ్చు. ఏ నెల ఎవరిదో ముప్పై గళ్ల కాగితం గీసి గోడకు అంటిస్తే, జూన్‌కల్లా ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయో కార్యవర్గంలో అందరికీ కళ్లెదుటే ఉంటుంది.

"ఒక పిల్లవాణ్ణి దత్తత తీసుకోండి, ఏడాదికి 2,400" అనే పద్ధతి వైపు వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. డబ్బు తొందరగా వస్తుంది, చిక్కులు కూడా అంతే తొందరగా వస్తాయి. దాత పిల్లవాడితో మాట్లాడతానంటాడు, మార్కులు అడుగుతాడు. ఆ కుటుంబం నవంబరులో ఇటుక బట్టీకో పత్తి ఏరడానికో వలస వెళ్తే ఆ డబ్బు దేనికి వాడాలో తెలియదు. పక్క పిల్లవాడికి దాత దొరకలేదన్న సంగతి ఊళ్లో తెలుస్తుంది. కేంద్రం-నెల అయితే ఈ గొడవలు ఉండవు.

అసలు సలహా ఇది. అడిగే సందేశం రాయకముందే, ఆ డబ్బు ఖర్చయ్యాక పంపబోయే లెక్క సందేశాన్ని రాసి పెట్టుకోండి. అంకెల దగ్గర ఖాళీలు వదలండి. ఉదాహరణకు:

"నమస్కారం అండి. మీరు జూన్‌లో ఇచ్చిన 6,000తో నవంబరు నెల ___ కేంద్రం నడిచింది. ___ రోజులు తెరిచాం. టీచర్ ___ రోజులు రాలేదు, కారణం ___. రోజుకు సగటున ___ మంది పిల్లలు వచ్చారు. ఖర్చు: టీచర్‌కు ___, పుస్తకాలకు ___, కరెంటుకు ___, గ్రంథాలయానికి ___. మిగిలింది/తగ్గింది ___. ఈ నెల ఇబ్బంది: ___. ఇప్పుడు ఏమీ పంపనక్కర్లేదు, తెలియజేయడానికే రాశాం."

ఈ ఖాళీలు నింపగలమా అని మీలో మీరు అడగండి. హాజరు పట్టీ లేకపోతే సగటు రాయలేరు. టీచర్ రాని రోజులు ఎవరూ రాయకపోతే ఆ వాక్యం తీసేయాలనిపిస్తుంది. నింపలేని ప్రతి ఖాళీ దగ్గర మీ ప్రణాళికలో ఒక పని పుడుతుంది. ఇలా రాసుకున్నాక అడిగే సందేశం రెండు నిమిషాల్లో వస్తుంది, ఎందుకంటే తర్వాత ఏం చూపించగలరో ముందే తెలుసు కాబట్టి అంతకు మించి మాటివ్వరు. "వందలాది పిల్లల జీవితాల్లో వెలుగులు" అని రాసే సంఘాలు రెండో ఏడాది ఏం రాయాలో తెలియక తంటాలు పడేది ఇక్కడే.

"ఈ నెల ఇబ్బంది" అనే గడి తీసేయమని కార్యవర్గంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఉంచండి. టీచర్‌కు జ్వరమొచ్చి మూడు రోజులు కేంద్రం మూతపడిందని రాసిన సంఘం మిగతా అంకెలను దాత నమ్ముతాడు. అన్నీ సవ్యంగా ఉన్నాయని ప్రతిసారీ రాస్తే ఆ సందేశాన్ని తెరవడమే మానేస్తాడు.

అంకెలు కేంద్రం నుంచి మీకు చేరే దారి కూడా ఖరారు చేయాలి. టీచర్లను రిపోర్టు రాయమంటే రెండు నెలలు రాస్తారు, మూడో నెల ఆగిపోతుంది. శనివారం సాయంత్రం వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ చాలు. అందులో ఐదు విషయాలు, ఎప్పుడూ అదే వరసలో: ఈ వారం ఎన్ని రోజులు తెరిచారు, రోజువారీ హాజరు, తాను రాని రోజులు, కావలసిన వస్తువు, ఈ వారం జరిగిన ఒక సంగతి. దాంతోపాటు ఆ వారం హాజరు పట్టీ పేజీ ఫోటో. మీలో ఒకరు ఆదివారం దాన్ని విని షీట్‌లో ఎక్కించాలి. మూడు కేంద్రాలకు కలిపి అరగంట పని. పోస్టుల్లో ఏం రాయాలో తోచడం లేదన్నారు కదా, ఐదో ప్రశ్నకు వచ్చే జవాబులే మీ ముడిసరుకు.

రసీదుల విషయంలో కొంచెం నిదానంగా చదవండి. ఎక్కువ సంఘాలు దాతలను పోగొట్టుకునేది ఇక్కడే. యూపీఐ వచ్చాక డబ్బు తేలిగ్గా వస్తోంది గానీ, బ్యాంకు స్టేట్‌మెంటులో పేరు, ఒక యూపీఐ ఐడీ తప్ప ఏమీ ఉండదు. ఎవరిచ్చారో తెలియక రసీదు ఆగుతుంది. కాబట్టి క్యూఆర్ కోడ్ ఎక్కడ పెట్టినా దాని కిందే ఒక వాక్యం ఉండాలి: "పంపాక స్క్రీన్‌షాట్, పూర్తి పేరు, చిరునామా, పాన్ నంబరు ఈ వాట్సాప్ నంబరుకు పంపండి, 48 గంటల్లో రసీదు వస్తుంది." ఆ 48 గంటలు నిజంగా పాటించాలి.

మీకు 80జి, అంటే విరాళమిచ్చిన వాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చే గుర్తింపు, ఉందన్నారు. అలాగైతే ఏడాదిలో వచ్చిన విరాళాల వివరాలు ఫారం 10బిడిలో మే 31లోగా దాఖలు చేయాలి, అది అయ్యాక దాతకు ఫారం 10బిఇ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. ఇందులో దాత గుర్తింపు నంబరు తప్పనిసరి. పాన్ లేనివాళ్లకు ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు వంటివీ పనికొస్తాయి. వీటిని మేలో అడగడం మొదలుపెడితే సగం మంది ఫోనే ఎత్తరు, అందుకే డబ్బు వచ్చిన రోజే అడగాలి. నగదుగా 2,000 మించి ఇస్తే దాతకు 80జి మినహాయింపు రాదు, ఈ మాట రసీదు పుస్తకం అట్ట మీదే అచ్చు వేయించండి. జాతరలోనో కల్యాణమండపంలోనో హుండీ పెడదామన్నారు. పేర్లు తెలియని విరాళాలు ఏడాదికి లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటినప్పుడు పైమొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది. మీ స్థాయికి ఆ హద్దు దూరమే అయినా, హుండీ డబ్బిచ్చిన వాళ్లకు మళ్లీ కబురు పంపే దారి లేదన్నది అసలు నష్టం. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి ఇక్కడ రాసిన పాత చట్టం సెక్షన్ల, ఫారాల నంబర్లను మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి.

ఇంకో మాట. "80జి ఉంది, పన్ను ఆదా" అన్నది మీ చందాల పోస్టర్‌లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉందని గమనించాను. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి 80జి మినహాయింపు వర్తించదు, ఇప్పుడు ఏమీ ఎంచుకోకపోతే వర్తించేది ఆ విధానమే. ఆ వాక్యాన్ని అడుగున చిన్నగా పెట్టండి.

దాతల రిజిస్టరుకు సాఫ్ట్‌వేర్ కొనొద్దు. గూగుల్ షీట్ చాలు: పేరు, ఫోన్, చిరునామా, పాన్, తేదీ, మొత్తం, ఎలా వచ్చింది, రసీదు నంబరు, ఎవరి ద్వారా, ఏ కేంద్రం ఏ నెల, పాస్‌పోర్టు ఏ దేశానిది, లెక్క పంపిన తేదీ. చివరి గడి ఖాళీగా ఉన్న వరసలు మీరు బాకీ ఉన్న మనుషులు. కార్యవర్గ సమావేశం మొదట ఆ వరసలు ఎన్నో చదివి వినిపించండి. ఏడాదికి మీరు చూడాల్సిన అంకెలు నాలుగైదుకు మించవు, అన్నిటికన్నా పెద్దది నిరుడిచ్చిన వాళ్లలో మళ్లీ ఇచ్చిన వాళ్ల శాతం. ఇప్పుడది 26. లైకులు లెక్కపెట్టడం మానేయండి.

పాస్‌పోర్టు గడి ఎందుకంటే, మీ దాతల్లో అమెరికాలో ఉన్నవాళ్లు ఉన్నారని రాశారు. భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి అక్కడి నుంచి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు ఒకటి తీసి దాచుకోండి. అదే మనిషి అమెరికా పౌరుడైపోయి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాల వాళ్లకు ఇచ్చేది) మీద ఉంటే, హైదరాబాద్ ఖాతా నుంచి రూపాయల్లో పంపినా, యూపీఐలో పంపినా అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. "మా నాన్న ఖాతాలో వేసి ఇప్పిస్తా" అన్నా దారి అదే, మూలం మారదు. రిజిస్ట్రేషన్‌కు సంఘం పెట్టి మూడేళ్లు నిండాలి, గత మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మీ ఖర్చుకు అది ఇప్పట్లో కుదరదు. కాబట్టి క్యూఆర్ కోడ్ ఉన్న పోస్టరును అక్కడి తెలుగు సంఘాల గ్రూపుల్లో తిప్పొద్దు. వాళ్లకు వేరే పోస్టరు చేయండి: "భారత పాస్‌పోర్టు ఉన్నవారు మాత్రమే, ముందు ఈ నంబరుకు రాయండి." మిగతావాళ్ల నుంచి డబ్బు బదులు సమయం అడగొచ్చు, వారానికి ఒకసారి వీడియో కాల్‌లో ఇంగ్లిష్ చదివి వినిపించడం లాంటిది.

ఇక మాధ్యమాలు. దాతలకు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే సందేశాన్ని జాబితాలో అందరికీ విడివిడిగా పంపే పద్ధతి, వాడుతున్నామన్నారు. మీ నంబరును తన ఫోన్‌లో సేవ్ చేసుకోని మనిషికి బ్రాడ్‌కాస్ట్ చేరదు. మీరు పంపామనుకున్న వాటిలో చాలా భాగం వాళ్ల ఫోన్లకే వెళ్లి ఉండదు. అందుకే ప్రతి రసీదు సందేశం చివర "ఈ నంబరును మా సంఘం పేరుతో సేవ్ చేసుకోండి" అని ఉండాలి. ఒక జాబితాలో 256 మందికి మించి పట్టరు, అది మీకు సరిపోతుంది. గ్రూపు పెట్టొద్దు. నెల తిరిగేసరికి శుభోదయాలు, ఎన్నికల వీడియోలు మొదలవుతాయి, ఒకరి నంబరు ఇంకొకరికి తెలుస్తుంది, మర్యాదస్తులే ముందు బయటికి వెళ్తారు. ఆ నంబరు సిమ్ సంఘం చేతిలో ఉండాలి. కార్యదర్శి సొంత నంబరైతే, ఆయన మారిన రోజు మీ దాతల జాబితా ఆయనతోపాటు వెళ్లిపోతుంది. ఫేస్‌బుక్ పేజీకి ఇద్దరు అడ్మిన్లు, జీమెయిల్ పాస్‌వర్డ్ మూసిన కవరులో కోశాధికారి దగ్గర. పోస్టులు వారానికి ఒకటికి తగ్గించి, మిగిలిన సమయాన్ని లెక్క సందేశాలకు పెట్టండి.

దాతల గొడవలో పడి ఊరిని మర్చిపోతున్నారని నా అనుమానం. మీ ప్రశ్నలో తల్లిదండ్రుల మాట ఒక్కసారే వచ్చింది, అదీ "వాళ్లకు ఆసక్తి లేదు" అని. వాళ్లకు కబురు అందే దారి మీరు వేయలేదేమో చూడండి. పగలు ఇంట్లో ఫోన్ ఉండదు, ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో అది తండ్రితో పొలానికో పనికో వెళ్తుంది. వాట్సాప్‌లో టైపు చేసిన సమావేశం నోటీసు తల్లికి చేరదు. డ్వాక్రా సంఘాల నెలవారీ సమావేశం ఏ తేదీనో కనుక్కుని అక్కడ అయిదు నిమిషాలు మాట్లాడండి. పంచాయతీ మైకులో ముందురోజు సాయంత్రం, అదే రోజు పొద్దున రెండుసార్లు చెప్పించండి. వాయిస్ మెసేజ్ పంపేటట్టయితే 40 సెకన్లు మించకుండా, ఆ ఊరి యాసలో, ఆ ఊరి టీచర్ గొంతుతోనే పంపండి. వార్తలు చదివినట్టు చదివితే ఎవరూ చివరిదాకా వినరు. తల్లిదండ్రుల సమావేశం రాత్రి భోజనాల వేళకు ముందు అరగంట, నాట్లు, పత్తితీతల రోజుల్లో పెట్టనే వద్దు. హెడ్‌మాస్టరుకు మీ నెల హాజరు కాగితం ఒకటి ఇచ్చి వస్తూ ఉండండి. బడి గది అడగాల్సి వచ్చినప్పుడు ఆ కాగితాలే మాట్లాడతాయి.

ఫ్లెక్సీల మీద నాయకుల ఫోటోలు వేయాలా అన్నారు. ఎవరివీ వద్దు, సంఘం పేరు, కేంద్రం వేళలు, ఫోన్ నంబరు చాలు. ఒకరిది వేస్తే రెండో పక్షం వాళ్ల పిల్లలు రావడం మానేస్తారు, ఇద్దరివీ వేస్తే ఎవరిది పెద్దదన్న తగాదా వస్తుంది. "మా కమిటీ తీర్మానం, ఎవరి ఫోటో వేయం" అని మినిట్స్‌లో ముందే రాసి ఉంటే ఏ ఒక్కరూ నిష్ఠూరం మోయక్కర్లేదు.

పిల్లల ఫోటోలకు తల్లిదండ్రుల సంతకం ఉన్న సమ్మతి పత్రం తెలుగులో, చేర్చుకునే రోజే తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. సమ్మతి ఉన్నా ఒక ఫోటో కింద పిల్ల పేరు, ఊరు, ఇంటి పరిస్థితి మూడూ కలిపి రాయకండి. వెనక నుంచి తీసిన ఫోటో, రాస్తున్న చేతులు, నల్లబల్ల ముందు గుంపు, ఇవి చాలు.

ఏడాది క్యాలెండరు మీ పని చుట్టూ ఉండాలి. బడులు సాధారణంగా జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి కేంద్రం-నెల అడిగేది మే చివరి వారంలో. ఆగస్టులో, నవంబరులో లెక్క సందేశాలు, వాటిలో డబ్బు మాట ఉండదు. ఆంధ్రలో సంక్రాంతికి, తెలంగాణలో దసరా బతుకమ్మకు బయట ఉన్నవాళ్లు ఊరికొస్తారు. అప్పుడే కేంద్రం చూపించాలి. చిక్కేమిటంటే అప్పుడు బడికి సెలవులు, కేంద్రానికీ తాళం ఉంటుంది. పండగకు రెండు రోజుల ముందు ఉదయం గంటన్నర, పిల్లలే తమ పుస్తకాలు చూపించేలా ఏర్పాటు చేసి, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, టీచర్‌కు ఆ రోజుకు ఎంతిస్తారో ముందే తేల్చుకోండి. ఆ గంటన్నరలో ఉపన్యాసాలు, శాలువాలు పెట్టకండి. గోడ మీద ముప్పై గళ్ల కాగితం, పక్కన ఖర్చుల పట్టీ ఉంటే అడిగేవాళ్లే అడుగుతారు. మార్చి మొదటి వారంలో మిగిలిన ఖాళీ గళ్లకు రెండో అభ్యర్థన, ఏప్రిల్‌లో పాన్ వివరాల సర్దుబాటు, మేలో 10బిడి. ఈ మొత్తం ఒకే పేజీలో పట్టాలి, ప్రతి పని పక్కన ఒకే పేరు ఉండాలి. "కమిటీ" అని రాసిన పని ఎవరూ చేయరు.

పత్రికలకు వార్త పంపేటప్పుడు ఇమేజిగానో పీడీఎఫ్‌గానో కాకుండా యూనికోడ్‌లో టైపు చేసిన వంద పదాలు, అడ్డంగా తీసిన ఒక ఫోటో, అందులో ఉన్న పెద్దవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి, ఊరు, మండలం, మీ ఫోన్ నంబరు. మధ్యాహ్నంలోగా పంపితే విలేకరికి అడిగి సరిచూసుకునే వ్యవధి ఉంటుంది.

ఊరి వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో ఒకరోజు "చందాలు తింటున్నారు" అని ఎవరో రాస్తారు. ఎవరు జవాబివ్వాలో ఇప్పుడే తీర్మానించుకోండి, అధ్యక్షుడో కార్యదర్శో ఒక్కరే. అదే రోజు ఒకే సందేశం: ఈ ఏడు వచ్చింది ఇంత, ఖర్చు ఇంత, బ్యాంకులో ఇంత, ఆదివారం పదింటికి కేంద్రం దగ్గర పుస్తకాలు చూడొచ్చు. ఆ తర్వాత ఆ గ్రూపులో మిగతా ఎనిమిది మంది నోరు మెదపకూడదు. ఆదివారం ఎవరూ రాకపోయినా పదింటి నుంచి పన్నెండింటిదాకా పుస్తకాలు తెరిచి కూర్చోండి.